అమ్మ కుడిచేతి గోళ్ళు

మొన్నామధ్య బాపట్లలో మా విమల పిన్నికి తుంటి ఆపరేషన్ అయింది. ఎనభై దాటిన మనిషి, పెరట్లో తడిమీద కాలుజారి పడింది. థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు ఒక నర్సమ్మ వచ్చి, "వేలికి క్లిప్పు పెట్టాలండి, గోళ్ళకి రంగుంటే మిషన్ సరిగ్గా చూపించదు" అంటూ చిన్న సీసాలోంచి దూదిమీద ఏదో ఒంపుకుని పిన్ని వేళ్ళు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. ఆ వయసులోనూ పిన్ని గోళ్ళకి ఎర్రరంగే. సీసా మూత తియ్యగానే గదంతా ఆ వాసన కమ్ముకుంది. మాగిన పండునీ స్పిరిటునీ కలిపినట్టుండే, ముక్కులోంచి సూటిగా నడినెత్తికి ఎక్కే వాసన. కళ్ళు మూసుకుని పడుకున్న పిన్ని కళ్ళు తెరిచి నావైపు చూసింది. "ఏమే, మీ అమ్మ గుర్తొచ్చిందా?" అంది. తలూపాను. "నాకైతే ఎప్పుడు మూత తీసినా అక్కే కనపడుద్ది" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఇప్పుడు చేతికర్రతో ఇల్లంతా తిరుగుతోంది. కానీ ఆ పూట ఆస్పత్రి వరండాలో బెంచీమీద కూర్చున్నంతసేపూ నేను బాపట్లలో లేను. తెనాలిలో, మా అమ్మ చాపమీద వీణ ముందు కూర్చునే ఆ సావిట్లో ఉన్నాను.

మా అమ్మ వీణ వాయించేది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నగారి దగ్గర నేర్చుకుంది; పెళ్ళయ్యాక సాయంత్రాలు వీధిలో ఆడపిల్లలకి చెప్పేది. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఆయన వచ్చేసరికి చొక్కాకి తవుడు వాసన, ఇంట్లో వీణకి రాసే కొబ్బరినూనె వాసన, నాయనమ్మ కొట్టే కందిపొడి వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు మా ఇల్లు. వీణ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఎడమచేతి వేళ్ళు మెట్లమీద తీగని నొక్కుతూ జారుతుంటాయి. వేళ్ళు సాఫీగా జారడానికే ఆ కొబ్బరినూనె. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తీగని మీటుతాయి, చిటికెనవేలు పక్కనున్న తాళం తీగల్ని తాకుతుంది. మీటేది గోరే. గోరు మరీ పెరిగితే తీగకి చిక్కుకుంటుంది, మరీ తగ్గితే చర్మం తగిలి నాదం మొద్దుబారుతుంది. అమ్మ రోజూ పొద్దున్నే వెలుతురు పడే గుమ్మం దగ్గర కూర్చుని, అగ్గిపెట్టె పక్కనుండే గరుకుమీద ఆ మూడు గోళ్ళనీ మెల్లగా అరగదీసుకునేది. అది అయ్యేదాకా మేమెవరం పలకరించేవాళ్ళం కాదు.

ఆ గోళ్ళకి కాపలా మా నాయనమ్మ. అంగలకుదురు ఆడపడుచు, గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. అంట్లు తోమడం, చింతపండు పిసకడం, రోట్లో పచ్చడి నూరడం అన్నీ ఆవిడే. అమ్మ అన్నం వార్చి, పోపు పెట్టేది, అంతవరకే. అమ్మ పొరపాటున అంట్ల దగ్గరికెళితే, "రాజ్యం, ఆ చెయ్యి బూడిదలో పెట్టావంటే ఊరుకోను, అవతలికి పో!" అని కేకేసేది. పక్కింటావిడ ఒకసారి నూతి దగ్గర, "కోడలు కూర్చుని వాయిస్తుంటే అత్తగారు అంట్లు తోమడమేంటండి, విడ్డూరం కాకపోతే" అంది. నాయనమ్మ చేతిలో చెంబు కింద పెట్టకుండానే, "మీ ఇంట్లో వీణుందా? లేదుగా. మరి నీకెందుకు ఆ సంగతి?" అంది. ఆవిడకి రాగాలు తెలియవు. పాట నడుస్తుండగానే కాఫీ గిన్నెలు చప్పుడు చేసేది. అయినా ఆ మూడు గోళ్ళు ఏ రోజు ఎలా ఉన్నాయో మా అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

ఒక మాఘమాసంలో రేపల్లె నుంచి లాయరుగారొకాయన మా ఇంటికొచ్చారు. ఏదో పెళ్ళిలో అమ్మ వాయించింది విన్నారట. వాళ్ళ ఊళ్ళో కొందరు కలిసి సంగీత సభ పెట్టుకున్నారనీ, వేసవి మొదట్లో కచేరీ చెయ్యాలనీ అడిగారు. పెళ్ళయిన తర్వాత అమ్మ వేదిక ఎక్కలేదు. నాన్నవైపు చూసింది. నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నన్ను చూస్తావేం, వాయించేది నువ్వు" అన్నాడు. ఆ రోజునుంచి అమ్మ సాధన రెట్టింపు చేసింది. పొద్దుటిపూట వంట కాకముందు, మధ్యాహ్నం మేం బడికెళ్ళాక, సాయంత్రం పిల్లలు వెళ్ళాక. అంత సాధనకి చూపుడువేలి గోరు అంచున చిన్న గంటుపడింది. గంటు తీగకి తగిలినప్పుడల్లా నాదంలో చిన్న గరగర వినపడేది. అమ్మ మొహం ముడుచుకునేది.

సరిగ్గా అప్పుడే విమల పిన్ని బాపట్ల నుంచి వచ్చింది. అమ్మ చెల్లెలు. బాబాయి అక్కడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. పిన్ని మా ఇంటికి రావడమంటే నాకు పండగ; వాయిల్ చీర, పౌడరు ఘుమఘుమ, గోళ్ళకి ఎర్రరంగు. మా వీధిలో అలా గోళ్ళరంగు వేసుకునే ఆడమనిషి మరొకరు లేరు. అక్క గోరు చూసి పిన్ని విలవిల్లాడింది. తర్వాతి వారమే మళ్ళీ వచ్చి, చేతిసంచీలోంచి రెండు సీసాలు తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. "అక్కా, ఇది రంగులేని పాలిష్. వేసుకున్నా ఎవరికీ కనపడదు. గోరు రాయిలాగ గట్టిపడుద్ది. మద్రాసులో వీణ వాళ్ళు వేసుకుంటారంట. పాతబడితే ఈ రెండోదాంతో తుడిచేసి మళ్ళీ వేసుకో" అంది. తనే దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ మూడు గోళ్ళకీ పూసింది. ఆరాక అమ్మ వీణ తీసి మీటింది. గంట కొట్టినట్టు పలికింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. పిన్ని మొహంలో ఆ రోజు ఉన్న సంతోషం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

చిక్కల్లా అమ్మ స్వభావంతోనే వచ్చింది. తీగ తగిలేచోట పాలిష్ రోజూ కాస్త పెచ్చూడేది. ఇంకొకరైతే వదిలేద్దురు. అమ్మకి ఆ గరుకు పడదు. అందుకని రోజూ పొద్దున్నే ఆ రెండో సీసా తీసి, దూదితో మొత్తం తుడిచి, కొత్తగా పూసుకునేది. ఎడమచేతి వేళ్ళతో దూది పట్టుకుని కుడిచేతి గోళ్ళు రుద్దేది. వేలికి చల్లగా తగిలి, చూస్తుండగానే గాలిలో కలిసిపోయేది ఆ మందు. చర్మం మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర మిగిలేది. ఒకరోజు తుడిచిన దూదిని కుంపట్లో పడేసింది. భగ్గుమని మంట మూరెడెత్తు లేచింది. నాయనమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "గోరుకి రాసేదా ఇది, దీపంలో పోసేదా? ఇంకెప్పుడూ పొయ్యి దరిదాపుల్లో దీని మూత తియ్యమాకు" అంది. అప్పటినుంచి ఆ పని పెరట్లో బాదం చెట్టు కింద. వాసనకి నాన్నకి తలనొప్పి వచ్చేది, వీధి అరుగుమీదికి వెళ్ళి కూర్చునేవాడు.

గోళ్ళు పాడవడం ఒక్కరోజులో కాలేదు, అందుకే మాకెవరికీ అర్థంకాలేదు. మొదట గోటి మీద సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు వచ్చాయి. తర్వాత అంచులు ఉల్లిపొరలాగా పలచగా లేవడం మొదలైంది. గోటి మొదలు చుట్టూ చర్మం ఎండి, చిన్నచిన్న చీలికలు పడి, నిమ్మకాయ పిండినా ఉప్పు తగిలినా అమ్మ చెయ్యి విదిలించుకునేది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఎడమచెయ్యి. ఏళ్ళ తరబడి తీగ నొక్కి కాయలుకాచిన ఆ వేలికొసలు, దూది పట్టుకుని పట్టుకుని, బీటలు వారాయి. కొబ్బరినూనె రాసినా తీగమీద జారకుండా ఆగిపోయేవి. అమ్మేమో సాధన ఎక్కువై గోరు అరుగుతోందనుకుంది. అందుకని పాలిష్ ఇంకొంచెం మందంగా పూసేది. మర్నాడు దాన్ని తియ్యడానికి ఇంకొంచెం ఎక్కువ మందు పట్టేది.

కచేరీ దగ్గరపడుతుండగా ఒక ఆదివారం అమ్మా నేనూ బాపట్ల వెళ్ళాం. భోజనాలయ్యాక బాబాయి కాఫీ గ్లాసు అందుకుంటూ అమ్మ చెయ్యి చూశాడు. "అదేంటి వదినగారూ, ఆ వేళ్ళేంటి అలా అయ్యాయి?" అని వెలుతురులోకి రమ్మన్నాడు. అమ్మ జరిగింది చెప్పింది, సీసా ఎవరిచ్చారో తప్ప. బాబాయి నొచ్చుకుంటూ తల ఊపాడు. "అది అసిటోన్ అండి. మా లాబులో కడిగిన గాజు సామాను తొందరగా ఆరాలంటే దాంతో జాడిస్తాం. తడినీ జిడ్డునీ మొత్తం లాగేసుద్ది. గాజుకైతే బాధలేదు. గోటికీ చర్మానికీ వాటి జిడ్డే కదండీ ప్రాణం. ఎప్పుడో నెలకోసారి అంటే పర్లేదు, రోజూ రుద్దితే ఇంకేం మిగులుద్ది? ఇంత నాజూకు పనిచేసే చేతికి దీన్ని ఎవరిచ్చారండి మీకు?"

వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. చేతిలో చక్కెర డబ్బా. మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మ అటు చూడలేదు. "ఎవరిస్తారు మరిదిగారూ, తెనాలి ఫ్యాన్సీ షాపులో నేనే కొనుక్కున్నా. నా అతి శుభ్రం నన్ను ముంచింది" అని నవ్వేసింది. మా అమ్మ అబద్ధం చెప్పగా విన్నది నేను అదొక్కసారే. పిన్ని చక్కెర డబ్బా అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. మేం బయల్దేరేటప్పుడు కూడా కళ్ళెత్తి చూడలేదు. రైల్లో అమ్మ కిటికీలోంచి చూస్తూ, "పిన్ని దగ్గర ఈ మాట ఎప్పుడూ ఎత్తమాకు. అదెంత ప్రేమగా తెచ్చిందో నువ్వూ చూశావుగా" అంది.

సీసాలు ఆ రోజే అవతల పడేసింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. రేపల్లె కచేరీ ఇంకా కొద్దిరోజులుందనగా, సాధన మధ్యలో, చూపుడువేలి గోరు నిలువునా చీలింది. చివరనుంచి మొదలుదాకా. వీణ మీద నెత్తురు పడకుండా అమ్మ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. నాయనమ్మ పరిగెత్తుకొచ్చి పసుపు అద్దుతూ ఏడ్చింది. కోడలికోసం ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోవడం మేమెవరం ఎరగం. నాన్న గుమ్మంలో నిలబడి, "కబురు పంపిద్దాం రాజ్యం, ఒంట్లో బాలేదని" అన్నాడు. "ఒంట్లో బానే ఉందిగా అండీ" అంది అమ్మ. "లేనిది గోరే." కత్తెర తెప్పించుకుని మిగతా రెండు గోళ్ళూ కూడా చర్మందాకా కత్తిరించేసింది. తీగతో చేసే వేలితొడుగు పెట్టుకోమని ఎవరో అంటే అదీ పెట్టి చూసింది. అలవాటు లేని చెయ్యి, అడుగడుక్కీ తడబడింది, తీసేసింది. ఇక మిగిలింది వేలికొస. వట్టి చర్మంతోనే మీటడం మొదలుపెట్టింది. చీలిన వేలికి విశ్రాంతినిచ్చి, మధ్యవేలూ ఉంగరంవేలూ వాడుకుంది. వాటికి బొబ్బలొచ్చాయి. వడివడిగా సాగే వాయింపులన్నీ పక్కనపెట్టి, నిదానంగా నడిచే రాగాలు ఏరుకుంది. "పరిగెత్తలేనప్పుడు నడుద్దాం" అంది నాతో, అదేదో మామూలు సంగతన్నట్టు.

రేపల్లె రైల్లో వీణ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటే, కూరగాయల బుట్టలవాళ్ళు ఒదిగి ఒదిగి చోటిచ్చారు. సభ ఒక బడి హాల్లో. సాయంత్రం ఎండ ఇంకా కిటికీల్లోంచి లోపలికి పడుతోంది. జనం బాగానే వచ్చారు. అమ్మ కూర్చుని శ్రుతి చేసుకుంటుండగానే కరెంటు పోయింది. మైకు కీచుమని ఆగిపోయింది. లాయరుగారు చెమటలు తుడుచుకుంటూ, "కాసేపు ఆగుదామా అమ్మా?" అన్నారు. "ఎందుకండీ, ఫ్యాన్ల మోత కూడా ఆగిందిగా" అని అమ్మ మొదలుపెట్టింది. ఆనందభైరవి. గోరు లేని ఆ నాదం ఎంత మెత్తగా ఉందంటే, మొదటి వరసలో కూర్చున్న నాకే ఆగి ఆగి వినపడింది. వెనకనుంచి ఎవరో, "ఏమీ వినపడటల్లేదమ్మా!" అని గట్టిగా అరిచారు. హాలంతా గుసగుసలు.

అమ్మ చెయ్యి ఆపింది. తలెత్తి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "నా గోళ్ళు విరిగిపోయాయండి. వట్టి వేలితో వాయిస్తున్నాను. ఈ పూట నా వీణ ఇంతే పలుకుద్ది. మీకభ్యంతరం లేకపోతే కాస్త దగ్గరికొచ్చి కూర్చోండి."

తర్వాత మూలనుంచి ఒక ముసలాయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, నడుచుకుంటూ వచ్చి వేదిక అంచున నేలమీద కూర్చున్నాడు. ఆయన వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక చంటిపిల్లల తల్లులు. కుర్చీలు ఖాళీ అయిపోయాయి. హాలు మొత్తం ఒక దగ్గరకి చేరి, అమ్మ చుట్టూ మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంది. అప్పుడు అమ్మ రాగం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. పిల్లలు ఏడవలేదు, ఎవరూ దగ్గలేదు. ఒక్కొక్క స్వరం పుట్టి, సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగేది. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద విద్వాంసుల్ని పెద్ద పెద్ద హాళ్ళలో విన్నాను. అంతమంది మనుషులు అంత చిన్న శబ్దం కోసం అలా ఊపిరి బిగబట్టడం మళ్ళీ చూడలేదు. కరెంటు మధ్యలోనే వచ్చింది. లాయరుగారు స్వయంగా వెళ్ళి ఫ్యాన్ల స్విచ్చులు ఆర్పేసి వచ్చారు.

తర్వాత వచ్చినవన్నీ ఎదురుచూసే నెలలు. చీలిన గోరు రాలిపోయి, దాని అడుగునుంచి కొత్తది రావాలి. నాయనమ్మ రోజూ సాయంత్రం ఆముదం గోరువెచ్చన చేసి, అమ్మ పది వేళ్ళకీ మర్దన చేసేది. ఇంట్లో తడి పనేదీ అమ్మ దాకా రానివ్వలేదు. ముందు చర్మం మెత్తబడింది, బీటలు పూడాయి. మిగతా గోళ్ళలో మొదలు దగ్గర సన్నటి గులాబీరంగు గీత కనపడింది. గరుకైన తెల్లటి పాతగోరు పైన, నున్నటి కొత్తగోరు కింద. ఆ గీత పైకి జరగడం అమ్మ వరిచేను చూసినట్టు చూసేది. ఈలోగా పాఠాలు మానలేదు. వీణ పిల్లల చేతికిచ్చి తను పాడి చెప్పేది. ఆమెకంత మంచి గొంతుందని మాకప్పుడే తెలిసింది. ఇప్పుడు నా మనవరాలు గోళ్ళరంగు తీశాక చేతులకి క్రీము రాసుకుంటుంది, మధ్యలో కొన్నాళ్ళు గోళ్ళని ఊరికే వదిలేస్తుంది, అసిటోన్ లేని మందే కొంటుంది. ఎవరు చెప్పారే అంటే, అందరికీ తెలుసుగా అమ్మమ్మా అంటుంది. నిజమే, తెలియడం చాలా సుళువైంది, అది మంచిదే. కానీ పాడైపోయినదాన్ని విసుక్కోకుండా, ఎవర్నీ నిందించకుండా, దాని వేగంతో దాన్ని పెరగనివ్వడం మాత్రం అమ్మ దగ్గర చూసినంతగా నేనింకెక్కడా చూడలేదు. నాకూ అది సగమే వచ్చింది.

ఆ నెలలన్నీ విమల పిన్ని తెనాలి రాలేదు. ఉత్తరం రాస్తే బాబాయి జవాబు రాసేవాడు. గోళ్ళు పూర్తిగా వచ్చి, వీణ మునుపటిలా మోగిన వారానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని, చెప్పాపెట్టకుండా బాపట్ల వెళ్ళింది. పిన్ని తలుపు తీసి, అక్కని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. గోళ్ళకి రంగు లేదు. అప్పటినుంచీ వేసుకోవడం మానేసిందట. అమ్మ లోపలికొచ్చి, చాప తనే వేసుకుని, కూర్చుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాక్కుని రెండు కాళ్ళూ ముందుకి చాపింది.

"విమలా, నీ ఎర్రరంగు సీసా ఉందా, పారేశావా?"

"ఉంది... ఎందుకక్కా?"

"చేతులు వీణవి. వాటి జోలికి రామాకు. కాళ్ళు నావేగా, వీటికి వెయ్యి."

పిన్ని ఏడుస్తూనే సీసా తెచ్చింది. కన్నీళ్ళకి సరిగ్గా కనపడక రంగు వేళ్ళమీదికి కూడా అంటింది. అమ్మ నవ్వుతూ కాళ్ళు కదలకుండా పెట్టుకుంది. ఇంటికొచ్చాక నాయనమ్మ ఆ ఎర్రటి కాళ్ళు చూసి బుగ్గన చెయ్యేసుకుంది. అమ్మ ఆ రంగుని తుడవలేదు. గోరుతోపాటే అది మెల్లగా ముందుకి జరిగి, చివరికి చంద్రవంకంత మిగిలి, ఒక ఆదివారం పొద్దున్న పెరట్లో గోళ్ళు తీసుకునేటప్పుడు కత్తెరతోపాటు పోయింది.